ఓమీన్ అనేదాకా చేతులు దించొద్దు

“ముసలాయన మాయమయ్యాడు.”

మంతీలు, అంటే మాంసం కుడుములు, అమ్మే కొట్టు వెనక గదిలో కర్నల్ బైజాక్ ఆ మాట అని, పొగలు కక్కుతున్న పళ్ళెం సైరాగుల్ వైపు జరిపాడు. ఆమె ముట్టలేదు. పై అధికారి తన పళ్ళెం మన ముందుకు నెట్టాడంటే వెనకాల వచ్చే పని ఎంత కంపుదో డిపార్ట్‌మెంట్‌లో పండిన ఏజెంటుకి వేరే చెప్పాలా?

“కిడ్నాపా?”

“విందు.”

“ఏంటీ?”

“పైన గొర్రెల మేతకొండల్లో. కాపరి ఇల్లాలు ఉల్కన్ గుడారంలో. రోజూ గొర్రె తెగుతోంది, పాటలు పాడుతున్నారు, ఆయన్ని మధ్యలో కూచోబెట్టి పొగుడుతున్నారు. రెండు వారాలుగా ఇదే తంతు.”

“మంచిదేగా. నన్నూ పిలిచారా?”

“వెటకారం ఆపు సైరా. ఈ సాయంత్రం ఐదింటిలోగా ఆయన చేత ‘వద్దు’ అనిపించకపోతే కరా-బెల్ లోయలో ఇళ్ళుండవు.”

సైరాగుల్ పళ్ళెం పక్కకి జరిపింది.

కర్లిగాచ్ అంటే వానకోయిల. ఎవరి చూరు కిందయినా గూడు కట్టుకుంటుంది, ఎవరినీ ఏమీ అడగదు. ఆ పేరుతో ఒక ఆపరేటింగ్ సిస్టం ఉంది. ఒకరి సొత్తు కాదు, అందరిదీ. దేశంలో సగం ఆఫీసులు దాని మీదే నడుస్తాయి, నడుస్తున్నట్టు ఆ ఆఫీసుల్లో ఎవరికీ తెలియదు. ఇల్లు వానకోయిలదే గానీ ఇంట్లో సరుకంతా పరాయిది. ఎక్కడో ఫిన్లండులో ఒక కుర్రాడు ఒకటి రాసి పారేస్తాడు, ఇంకెక్కడో ఒక పంతులమ్మ ఇంకోటి రాస్తుంది. ఆ సరుకు తెచ్చి, చేటలో పోసి చెరిగి, రాళ్ళేరి, మన డబ్బాలో పట్టేలా సర్ది, మూత బిగించి సీలు వేసే మనిషి ఒకరుండాలి కదా. ఆ డబ్బాని ప్యాకేజీ అంటారు, ఆ మనిషిని మెయింటెయినర్ అంటారు. జీతం లేదు, సెలవు లేదు. తిట్లు మాత్రం ఏ పూటకాపూట వచ్చేస్తాయి.

మాయమైన ముసలాయన తొక్తొసున్ అలాంటి మనిషి. ఆయన చేతిలో ఉన్న డబ్బా పేరు తామ్చి, అంటే బొట్టు. నీటిమట్టం ఎంతుందో కొలతయంత్రాన్ని అడిగి ఆనకట్ట కంప్యూటర్‌కి చెప్పే బుల్లి ప్రోగ్రాం. కరా-బెల్ గేట్లు దాని మాట మీదే లేస్తాయి, దాని మాట మీదే దిగుతాయి.

“దానికి ఎవడో సవరణ పంపాడు,” అన్నాడు కర్నల్. “పైకి చూస్తే ముత్యం. లోపల విషం. అది ఎక్కిందంటే నీళ్ళు కట్ట అంచు నాకుతున్నా ఇంకా మోకాలి లోతేనని చెప్తుంది. గేట్లు లేవవు. మంచు కరిగే రోజులు ఇవి.”

“పంపిందెవరు?”

“గ్రానిట్ ముఠా. వాళ్ళకి దేశమంటూ లేదు. ఎవరి దేశం మునగాలో ఇంకొకరు చెప్తే ముంచిపెడతారు.”

“మరి ముసలాయన ఒక్క మాట వద్దంటే పోయేదానికి...”

“అనాలంటే ఆయనకి తెలియాలిగా! కర్లిగాచ్‌లో ఒక ఆచారం ఉంది. సవరణ వస్తే మెయింటెయినర్‌కి రెండు వారాలు గడువు. ఔనూ కాదూ అనకపోతే మౌనం అర్ధాంగీకారం. సవరణ దానంతటదే ఎక్కేస్తుంది. రాత్రికి ఆనకట్ట కంప్యూటర్లు దాన్ని దించుకుంటాయి. ఆ మేతకొండల్లో సిగ్నల్ లేదు. అర్థమైందా? చంపలేదు, కట్టేయలేదు. మర్యాద చేస్తున్నారు.”

సైరాగుల్ చెవులు ఎర్రబడ్డాయి. ఈ నేల మీద శత్రువొచ్చి గడప దాటినా ముందు రొట్టె విరిచి ఇస్తారు. విందులో కూచున్న పెద్దాయన మధ్యలో లేచి వెళ్ళిపోవడం అంటే వండిన చెయ్యి మీద ఉమ్మినట్టు. ఆ మర్యాదనే తాడుగా పేని ముసలాయన కాళ్ళకి కట్టారు, పాపిష్ఠివాళ్ళు.

“మిగతా మెయింటెయినర్లు చూళ్ళేదా?”

“ముసలాయన చూస్తాడులే అనుకున్నారు. అందరూ.”

“ఆనకట్ట వాళ్ళకి చెప్పండి!”

“చెప్పాను. తామ్చి అనే ఉద్యోగి మా దగ్గర లేడన్నారు.”

“ఛీ! పోనీ కర్లిగాచ్ వాళ్ళకి?”

“రాశాను. మీరెవరన్నారు. ప్రభుత్వం అన్నాను. అయితే అస్సలు కుదరదన్నారు.” కర్నల్ నిట్టూర్చాడు. “వాళ్ళదీ తప్పు కాదులే. ప్రభుత్వం చెప్పిందని ఇవాళ ఆపితే రేపు ప్రభుత్వం చెప్పిందని ఎక్కించాలి. మెయింటెయినర్ తాళంతో సంతకం పెడితేనే మాట. కంప్యూటర్‌కి గుచ్చే ఆ తాళం ముసలాయన మెడలో తాయెత్తులా వేలాడుతూ ఉంటుంది.”

అప్పుడు టేబుల్ కింద నుంచి ఒక టీ ఫ్లాస్కు తీశాడు. అడుగు తిప్పితే యాంటెన్నా వస్తుంది, నెత్తిమీద ఆకాశం కనపడితే చాలు ఉపగ్రహం దొరుకుతుంది. మూత విప్పితే బుల్లి తెర, బుల్లి కీబోర్డు. తెరలో ఆ సవరణ ఎక్కించి పెట్టారు.

“టీ పడుతుందా?” అంది సైరాగుల్.

“పడుతుంది. వేడి మాత్రం నిలవదు. ఇంకో సంగతి. లోపల మన మనిషి ఉంది. ఇలోనా. గ్రానిట్‌లో ఉంటూ మనకి కబుర్లు అందిస్తుంది, ఈ విషం సంగతి చెప్పింది తనే. విందు పెట్టించిందీ తనే, ముఠా ఆర్డర్ మీద. విదేశంలో చనిపోయిన మన దేశంవాడి పెళ్ళాన్నని చెప్పుకుంటోంది. కోడ్ వర్డ్: ‘కుమీస్ పులిసిందా అక్కా?’ జవాబు: ‘పులవకపోతే పాలే కదా.’”

“నమ్మొచ్చా?”

“అందగత్తె అని మాత్రం గట్టిగా చెప్పగలను.”

*

మధ్యాహ్నం తిరిగేసరికి కొండ మీద కుమీస్, అంటే పులిసిన గుర్రప్పాలు, అమ్మే మనిషి ఒకతె నడుస్తోంది. తలకి పూల రుమాలు, కాళ్ళకి రబ్బరు గలోషులు, భుజాన గుర్రప్పాల తోలుసంచి, చంకలో టీ ఫ్లాస్కు. ముఖం నిండా ఎండ. సైరాగుల్ని కన్నతల్లి చూసినా ధర అడిగి వెళ్ళిపోయేది.

పెద్ద గుడారం ముందు ఇలోనా నిలబడి ఉంది. కొండగాలికి చెదరని జుట్టు, గొర్రెల కంపు మధ్య సెంటు వాసన. పక్కన తోలుకోటు తొడుక్కున్న కండల మనిషి, తలాస్ ప్రాంతం వాడు. చెయ్యి ఎప్పుడూ కోటు జేబులోనే.

“కుమీస్ పులిసిందా అక్కా?” అంది సైరాగుల్.

ఇలోనా కళ్ళు నవ్వాయి. “పులవకపోతే పాలే కదా. యంత్రమేది?”

“చంకలో.”

“ఇటివ్వు. నేనయితే ఎవరూ అనుమానించరు.”

సైరాగుల్ ఇవ్వబోయి ఆగింది. కూలీ వచ్చి ముందు పలుగు అడిగితే సరే, దొంగ వచ్చి అడిగినా అలాగే అడుగుతాడు. “ముందు ఆయనకి టీ పొయ్యనీ,” అని లోపలికి వెళ్ళిపోయింది.

గుడారంలో ఒక ఊరంత జనం. ద్వారానికి ఎదురుగా, మెత్తటి పరుపుల మీద, తొక్తొసున్. బక్క మనిషి. గడ్డం తెల్లగా, చూపు చురుగ్గా. ఆయన ముందు గొర్రె తలకాయ, చుట్టూ వేయించిన పిండి ముద్దలు. ఇంటావిడ ఉల్కన్, పెద్ద చేతులు, పెద్ద గొంతు, పళ్ళేలు అందిస్తూ అరుస్తోంది: “తినండయ్యా! మా అక్సకాల్ చిక్కిపోతే మాట నాకొస్తుంది!” అక్సకాల్ అంటే తెల్లగడ్డం పెద్దాయన. పాపం ఆవిడకి ఏమీ తెలియదు. చచ్చినవాడి పేరు మీద పెళ్ళాం పెద్దాయన్ని సత్కరిస్తానంటే సంబరపడి గుడారం ఇచ్చింది.

సైరాగుల్ ఆయన పక్కన మోకాళ్ళ మీద కూచుని టీ పోసింది.

“తాతా, మొహం తిప్పకుండా వినండి. తామ్చికి సవరణ వచ్చింది. విషం. ఐదింటికి ఎక్కేస్తుంది. మీరు వద్దనాలి.”

ఆయన టీ చప్పరించాడు. “చల్లగా ఉంది.”

“తాతా!”

“ఎవరు పంపారు నిన్ను? ఆనకట్ట వాళ్ళా?”

“ప్రభుత్వం.”

“ఓహో.” గిన్నె ఠక్కున పెట్టాడు. గొంతు తగ్గించినా అందులో సెగ తగ్గలేదు. “నా కంప్యూటర్ చచ్చిపోతుంటే బ్యాటరీ ఒకటి ఇప్పించండని ఆ ఆనకట్ట గుమ్మం చుట్టూ తిరిగాను. వాచ్‌మన్ చేత గెంటించారు. తామ్చి ఆగిపోయిందని ఫోన్ చేసి అమ్మనా బూతులు తిడితే పండగపూట లేచి బాగు చేశాను. బాగైందా అని నేనే మళ్ళీ అడిగాను! ఒక్కడంటే ఒక్కడు, ‘తాతా, తిన్నావా’ అన్నాడా? ఇదిగో, ఈ విదేశీ కోడలు పిలిచింది. కూచోబెట్టింది. తినమంది. ఇన్నేళ్ళకి నా ముఖం చూసి థాంక్స్ అన్నది ఈమే.”

“ఆమె దొంగ తాతా.”

“అవనీ. దొంగకి ఉన్నపాటి బుద్ధి మీకు లేదు. నేను లేవను. దీవెన కాకుండా లేచి ఆ ఉల్కన్ మనసు కష్టపెట్టను.”

కోపం వచ్చింది సైరాగుల్‌కి. ఆయన మీద కాదు. ఆయన్ని ఇక్కడిదాకా తోసిన ప్రతి కుర్చీ మీద, ఆ కుర్చీల్లో తన కర్నల్ కుర్చీ కూడా ఉంది, తనదీ ఉంది. లోయలో జనం గురించి చెప్పింది, పిల్లల గురించి చెప్పింది. ఆయన కళ్ళు చెమర్చాయి గానీ నమ్మలేదు. ప్రభుత్వం తనకి పని పడ్డప్పుడల్లా పిల్లల్నే చూపిస్తుంది మరి.

ఆఖరికి విసుగొచ్చి ఫ్లాస్కు మూత విప్పి ఆయన ఒళ్ళో పెట్టింది. “లేవకండి. చూడండి, అంతే. మీ డబ్బాయే కదా.”

తల తిప్పుకున్నాడు. గోడకేసి చూశాడు. గొర్రె తలకేసి చూశాడు. చేట కనపడితే చెయ్యి ఊరుకుంటుందా? జేబులోంచి కళ్ళద్దాలు తీశాడు.

రెండు లైన్లు చదివాడో లేదో ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

“నెంబరు మార్చలేదు.”

“ఏంటి తాతా?”

“వేలిముద్ర మార్చి నెంబరు మార్చలేదు!” వేలితో తెర పొడిచాడు. “ప్రతి వెర్షన్‌కీ ఒక నెంబరు. ప్రతి నెంబరుకీ ఒక వేలిముద్ర, అంటే లోపలి సరుకుని లెక్కగట్టి యంత్రం వేసే గుర్తు. లోపల ఒక్క గింజ మారినా వేలిముద్ర మారుతుంది, మారితే నెంబరూ మార్చి తీరాలి. ఇది పాత నెంబరే, కొత్త వేలిముద్ర. అంటే ఏంటి? నేను వేసిన సీలు పీకి, లోపల ఏదో కలిపి, మళ్ళీ నా సీలే అంటించారు. నా డబ్బాకి! కొత్త నెంబరు పెడితే పదిమంది కళ్ళు పడతాయని!”

దేశం కదపలేదు, లోయ కదపలేదు. వేలిముద్ర కదిపింది. ఆయన మోకాళ్ళ మీద లేవబోయాడు.

అప్పుడే మెత్తటి చెయ్యి ఒకటి వచ్చి మూత బిగించి ఫ్లాస్కు ఎత్తుకుపోయింది.

“ఎంత బాగుందో,” అంది ఇలోనా. సైరాగుల్ వెన్నులో గట్టిగా ఏదో గుచ్చుకుంది. తోలుకోటు జేబులోంచి తుపాకీ.

ఇలోనా ఆమె చెవి దగ్గరికి వంగింది. “మీ కర్నల్‌కి నిజాలే చెప్పాను, ఆలస్యంగా చెప్పానంతే. అరుస్తావా? ఇంతమంది పిల్లలున్న గుడారంలో? ఇంక కాసేపే చెల్లీ. మాంసం తిందాం.” ఫ్లాస్కుని తన మోకాలి పక్కన పెట్టుకుని అందరికేసీ చిరునవ్వు నవ్వింది.

తొక్తొసున్ అంతా చూశాడు. ఇలోనాని చూశాడు. ఇన్ని రోజులు తనకి థాంక్స్ చెప్పిన నోరు అది. ఆయన ముఖంలో ఏదో విరిగింది, విరిగిన చోట నిప్పు రాజుకుంది.

మళ్ళీ మఠం వేసుకుని కూచున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఉల్కన్ తల్లీ! కడుపు నిండింది. దీవెన చెప్తాను.”

“అప్పుడేనా అక్సకాల్!” ఇలోనా కంగారుగా అంది. “ఇంకా పులావ్ ఉంది...”

ఉల్కన్ గుడ్లురిమింది. “పెద్దాయన దీవెనంటే పులావ్ అంటావేంటమ్మా? చేతులెత్తండర్రా!”

తొక్తొసున్ రెండు అరచేతులూ ముఖం ముందుకి ఎత్తాడు. గుడారంలో ప్రతి ఒక్కరూ అరచేతులు విప్పి ఎత్తారు. ముసలివాళ్ళు, పిల్లలు, చంటిబిడ్డ చేతులు పట్టుకుని తల్లి. దీవెన మొదలయ్యాక పెద్దాయన ఓమీన్, అంటే తథాస్తు, అనేదాకా చెయ్యి దించితే ఆ ఇంటికి అరిష్టం. విదేశీ కోడలి వేషంలో ఉన్న ఇలోనా కూడా ఎత్తింది, ఎత్తక ఏం చేస్తుంది? ఇక తోలుకోటు వాడా! ఎంత కిరాయి రౌడీ అయినా తలాస్‌లో ఒక నాయనమ్మ పెంచిన పిల్లాడే. వాడు అనుకోకుండానే వాడి రెండు చేతులూ లేచాయి. తుపాకీ జేబులోనే మిగిలిపోయింది.

“నీ పొయ్యి ఆరకుండు గాక,” అన్నాడు తొక్తొసున్. “నీ మంద కొండంతా తెల్లబడేలా పెరుగు గాక.”

సైరాగుల్ ఎత్తిన చేతులు దించింది. పుట్టాక అలాంటి పని చెయ్యలేదు. పెద్దాయన కనుసైగ చూసి ఉల్కన్ ఆమెని ఆపలేదు. వెనక్కి తిరిగి తోలుకోటు జేబులోంచి తుపాకీ తీసుకుంది. రెండో జేబులోంచి జీపు తాళాలు తీసుకుంది. వాడు కళ్ళు మిటకరించాడు, పళ్ళు కొరికాడు, చేతులు మాత్రం దించలేదు.

“అక్సకాల్, త్వరగా కానివ్వండి,” అని వాడు గొణిగాడు.

“నోర్ముయ్!” అంది ఉల్కన్.

“ఈ ఇంటి గుర్రాలకి గాలి కాళ్ళు వచ్చు గాక! నీ కోడళ్ళ నోట నువ్వు మంచిదానివి అనిపించుకుందువు గాక!”

సైరాగుల్ వెళ్ళి ఇలోనా మోకాలి పక్కనుంచి ఫ్లాస్కు తీసుకుంది. ఇలోనా చెయ్యి కిందికి రాబోయింది. “చెయ్యెత్తు!” అని ఉల్కన్ ఒక్క కసురు కసిరింది. ఇలోనా ఉలిక్కిపడి ఎత్తేసింది.

అడుగు తిప్పింది. యాంటెన్నా గుడారం నడినెత్తిన ఉన్న పొగకంతలోంచి ఆకాశాన్ని చూసింది. మూత విప్పి ముసలాయన ఒళ్ళో పెట్టి, ఆయన మెడలోని తాళం లాగి దానికి గుచ్చింది. తెర మూలన గడియారం ఐదుకి దగ్గరపడుతోంది.

తొక్తొసున్ ఎడమ చెయ్యి ఎత్తే ఉంచాడు. కుడిచేతి వేలు ఒక్కటి అక్షరాలు వెతుక్కుంటోంది. నోరు మాత్రం ఆగలేదు.

“పరాయి సరుకు తెచ్చి మన డబ్బాలో కలిపేవాడి చెయ్యి చచ్చుబడు గాక! అన్నం పెట్టి ఆ అన్నంతోనే కాళ్ళు కట్టేసేవాడికి ఏ గుమ్మంలోనూ నీళ్ళు పుట్టకుండు గాక!”

దీవెన అలా మలుపు తిరిగేసరికి జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చేతులు మాత్రం గాలిలోనే ఉన్నాయి.

“ఏం రాస్తున్నారు తాతా?” సైరాగుల్ పళ్ళ బిగువున అంది. “వద్దు అని రాయండి! చాలు!”

“పని చేసుకుంటూ ఉంటే గడ్డివాములు పెరుగు గాక... కారణం రాయకుండా వద్దంటే అది వద్దనడమా? రాజులం కాదు, మెయింటెయినర్లం... కారణం చూపని వాడి నోరు పడిపోవు గాక...”

“అయ్యో! ఒక్క నిమిషం కూడా లేదు!”

“నన్ను వాచ్‌మన్ చేత గెంటించిన ఆఫీసుకి,” ముసలాయన వేలు ఆఖరి అక్షరం మీద ఉంది, “బుద్ధి కలుగు గాక. కింద లోయలో ఒక్క పిల్లకి కూడా పాదం తడవకుండు గాక.”

సైరాగుల్ గడియారం మీంచి చూపు తిప్పలేదు.

“ఓమీన్,” అన్నాడు, బొటనవేలితో బటన్ నొక్కాడు.

“ఓమీన్!” అని జనమంతా చేతులతో ముఖాలు తుడుచుకున్నారు. తెర మీద వాక్యం వెలిగింది: మెయింటెయినర్ తిరస్కరించారు. ఆ పక్కన గడియారం ఐదు చూపించింది.

తోలుకోటు వాడు చెయ్యి జేబులో పెట్టాడు. ఖాళీ. ఎదురుగా తన తుపాకీ తననే చూస్తోంది. “కూచోరా తమ్ముడూ,” అంది సైరాగుల్. కూచున్నాడు.

జరిగింది విన్నాక ఉల్కన్ నడుం మీద చేతులు పెట్టుకుని ఇలోనా ముందు నిలబడింది. అంత పెద్ద గొంతు చిన్నదైపోయింది. “నా పొయ్యి మీద వండిన కూడుతో నా పెద్దాయన్నే కట్టేశావా? నా గుడారంలో ఉన్నంతసేపు నువ్వు అతిథివి. నీ మీద ఈగ కూడా వాలదు.” తలుపు తెర ఎత్తి పట్టుకుంది. “లే. బయటికి నడు.”

బయట ఆవిడ కొడుకులు గుర్రప్పగ్గాలు పట్టుకుని నిలబడ్డారు. ఇలోనా బయటికి చూసింది, సైరాగుల్ చేతిలో తుపాకీని చూసింది. “చెల్లీ, నీతో వస్తాను,” అని తనే చేతులు చాపింది.

*

తర్వాత ఆనకట్ట ఆఫీసు నుంచి తొక్తొసున్‌కి బంగారు అంచు ప్రశంసాపత్రం వచ్చింది. ‘తామ్చి రచయితకి’ అని ఉంది. నేను రాయలేదు, ఫిన్లండు కుర్రాడు రాశాడు, నేను చెరిగాను అని ఆయన దాన్ని తిప్పి పంపాడు. బ్యాటరీ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

బ్యాటరీ సైరాగుల్ తెచ్చింది. గుమ్మంలో నిలబడి, “తాతా, థాంక్స్ చెప్దామని...” అని నసిగింది.

“ఛీ, ఆ మాట ఎత్తకు,” అని ఆయన మండిపడ్డాడు. “ఆ మాటతోనే కదా నన్ను పట్టింది. నిజంగా చెప్పాలనుంటే ఒక డబ్బా మొయ్యి. అదిగో, వర్షం లెక్కలు చెప్పే ప్యాకేజీ ఒకటి దిక్కులేకుండా పడుంది. దీవెన మధ్యలో తాళాలు కొట్టేసిన చేతులకి అది బరువా?”

ఆమె తీసుకుంది. మెయింటెయినర్ దొంగపేరు పెట్టుకోకూడదట, ఆచారం. ఎన్ని దేశాల్లో ఎన్ని పేర్లతో తిరిగిందో గానీ, అసలు పేరు బయట ప్రపంచంలో రాసుకోవడం ఆమెకి అదే మొదలు.

తాత పోసిన టీ చల్లారకముందే ఆ పేరు మీద తొలి ఉత్తరం వచ్చింది. ఎవరో, ఎక్కడివారో, సంతకం లేదు: ‘కొత్త వెర్షన్ ఇంకా పెట్టలేదేం? నిద్రపోతున్నావా?’